కొత్త టెక్నో ఆల్బమ్‌లు వచ్చినట్టు మీకెలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. 1982లో చరణ్‌జిత్ సింగ్ టీఆర్-808 (డ్రమ్ మెషీన్), టీబీ-303 (బేస్ సింథసైజర్) మెషీన్లతో రాగాలు వాయించిన రికార్డు విన్నాక నాకీ టెక్నో (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) పిచ్చి పట్టింది. భైరవ్ రాగం కింద ఆ బేస్ మెలికలు తిరుగుతూ జారుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అక్కణ్ణుంచి టెక్నో పుట్టిన అమెరికా నగరం డెట్రాయిట్ కళాకారుల దారి పట్టాను: డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, జెఫ్ మిల్స్.

పాతవి దొరుకుతున్నాయి. కొత్త ఆల్బమ్ సంగతే ఆర్నెల్లకు గానీ తెలియట్లేదు, అప్పటికి వినైల్ రికార్డులు అమ్ముడైపోతున్నాయి. సంగీతం అమ్మే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో లేబుళ్లను (రికార్డు కంపెనీలను) ఫాలో అవుతున్నా, వచ్చే మెయిళ్లలో సగం సింగిల్స్, రీమిక్సులే. నాకు కావలసింది లైట్లార్పి మొదటి నుంచి చివరిదాకా వినగలిగే ఆల్బమ్.

మీరు రోజూ ఎక్కడ చూస్తారు? ఈ ఏడాది వచ్చినవాటిలో ఒక్కటి చెప్పమంటే ఏది చెబుతారు? పాడే గొంతు లేనిదైతే మరీ సంతోషం.