హార్బర్‌లో చేపల వేలం పాటకు తగిన సాఫ్ట్‌వేర్‌ను చిన్న సంస్థ చేత చేయించుకోవచ్చా?

జెట్టీవ్యాపారి (ప్రశ్న):

నమస్కారం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మా కుటుంబం చేపలు కొని, ఐసు వేసి, హోటళ్లకూ బయటి ఊళ్లకూ పంపుతుంది. తెల్లవారుజామున బోట్లు జెట్టీకి చేరగానే పాట మొదలవుతుంది. రెండు మూడు గంటల్లోనే వందకు పైగా గంపలు కాటా ఎక్కి దిగుతాయి. ప్రతి గంపకూ చేప రకం, బరువు, పాట ధర రాయడమే కాక, బోటు యజమానికి మేము ముందే ఇచ్చిన అడ్వాన్సులో ఆ రోజు ఎంత మినహాయించామో కూడా చీటీలో చూపించాలి. ఇప్పటికి రెండు రెడీమేడ్ బిల్లింగ్ ప్యాకేజీలు కొని చూశాం. అవి సరుకు ధర ముందే తెలుసని భావించి తయారైనవి. మా దగ్గర అదే వంజరం ధర పది నిమిషాల్లో మూడుసార్లు మారుతుంది. పైగా తాము చదవలేని ఇంగ్లీషు చీటీని బోటు యజమానులు నమ్మడం లేదు, నమ్మకపోవడం న్యాయమే.

మధురవాడలో ఐదుగురు నడుపుతున్న ఒక చిన్న సంస్థ మా పనికి తగ్గట్టు ప్రత్యేకంగా తయారు చేసి ఇస్తామంటోంది. ఇది అయ్యే పనేనా? ఏమేమి అడిగి ఒప్పుకోవాలి?

కోడ్‌రాసేవాడు:

అయ్యే పనే. తెలుగు చీటీ సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. వేడితో చీటీ అచ్చువేసే చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు అక్షరాలు ఉండవు. ఉన్నా ఒత్తులు సరిగ్గా కూర్చలేకపోతే ‘రొయ్యలు’ అన్న మాటలో యవత్తు విడిపోయి పక్కన పడుతుంది. అందుకని చీటీని అక్షరాలుగా పంపకుండా, టాబ్లెట్‌లోనే మొత్తం ఒక బొమ్మగా గీసి పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితం మీద సాధారణంగా 48 మిల్లీమీటర్ల మేరకే అచ్చు పడుతుంది. మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున అడ్డంగా 384 చుక్కలు. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తులు అలుక్కుపోతాయి కనుక, నమూనా చీటీని మీ బోటు యజమానుల్లో పెద్దవయసు వారి చేత చదివించి చూడండి.

కాటాకు సీరియల్ పోర్టు (అంకెలను తీగ ద్వారా బయటికి పంపే సాకెట్) ఉంటే బరువు నేరుగా టాబ్లెట్‌లోకి వస్తుంది. అయితే గంప ఊగుతున్నప్పుడు వచ్చే అంకెను తీసుకోకుండా, వరుసగా కొన్ని అంకెలు ఒకేలా వచ్చేవరకు ప్రోగ్రాం ఆగాలి. ఇక నెట్‌వర్క్ లేకపోయినా పని సాగాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటూ ఫోన్లూ లేక మనం గడిపిన రోజులు గుర్తున్నవారికి దీన్ని వివరించనక్కర్లేదు. నమోదంతా టాబ్లెట్‌లోనే జరిగి, సిగ్నల్ దొరికినప్పుడు ఆఫీసుకు చేరాలి. రెండు టాబ్లెట్లుంటే దేని చీటీ నంబర్ల వరుస దానికే ఉండాలి. పొరపాటు జరిగితే పాత అంకెను చెరపకుండా రద్దు చీటీ వేయాలి. మన పాత ఖాతా పుస్తకాల్లో కొట్టివేసి పక్కన రాసేవారు కదా, అదే పద్ధతి.

ఆటోనగర్‌నుంచి:

పైవారు చెప్పినదంతా నిజమే కాని, నా అనుభవం కూడా వినండి. మా వర్క్‌షాపు కోసం ఒక చిన్న సంస్థ చేత సాఫ్ట్‌వేర్ రాయించుకున్నాను. షీటు కోయగా మిగిలిన ఇనుప ముక్కలను కొలతలతో సహా గుర్తుపెట్టుకుని, కొత్త ఆర్డరు రాగానే ఏ ముక్క సరిపోతుందో చూపించేది. అంత తెలివైన పనిని నేను మరెక్కడా చూడలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, పన్ను లెక్క మార్చాలి. అప్పటికి ఆ సంస్థ మూతపడింది, సోర్సు కోడ్, అంటే మార్పులు చేయడానికి కావలసిన ప్రోగ్రాం అసలు రాత, మా దగ్గర లేదు. రెండు నెలలు చేత్తో బిల్లులు రాసుకున్నాం.

డబ్బు చెల్లించినంత మాత్రాన ప్రోగ్రాం మీదైపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, బయటి సంస్థ రాసిన ప్రోగ్రాంపై హక్కు, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప, సాధారణంగా ఆ సంస్థకే ఉంటుంది. సోర్సు కోడ్, డేటాబేస్ పాస్‌వర్డ్ మీ చేతికి వచ్చాకే చివరి వాయిదా ఇస్తామని ఒప్పందంలో రాయించండి.

జెట్టీవ్యాపారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మాకు తీరిక ఉంటుంది కనుక, అప్పుడు చేయిద్దామనుకుంటున్నాను.

కోడ్‌రాసేవాడు:

కోడ్ అప్పుడు రాయవచ్చు; కాని పాట జరగని రోజుల్లో పాటను ఎలా పరిశీలిస్తారు? నిషేధానికి ముందే ఆ సంస్థవారిని జెట్టీ మీదకు రప్పించండి. రాకుండా ఆఫీసులోనే కూర్చుని ధర చెప్పేవారైతే ఒప్పుకోకండి.

జెట్టీవ్యాపారి:

వారిలో ఇద్దరు వచ్చి రెండు రోజులు తెల్లవారుజామున నాలుగింటి నుంచి మా పక్కనే నిలబడ్డారు. నేను అనుకోని విషయాన్ని వారు పట్టుకున్నారు: తడి చేతులతో, ఐసు నీళ్లు పడిన తెర మీద టచ్ సరిగ్గా పనిచేయదు. అందువల్ల తెరను చూడడానికి మాత్రమే ఉంచి, నొక్కడానికి రబ్బరు మీటల కీప్యాడ్ పెడదామని, ఎక్కువగా వచ్చే పన్నెండు రకాల చేపలకు ఒక్కొక్క మీట కేటాయిద్దామని అన్నారు. సోర్సు కోడ్ ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ కీప్యాడ్ ఉప్పు గాలికి ఎన్నాళ్లు నిలుస్తుందో, హార్బర్‌లో వాడినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.