లెమన్‌గ్రాస్ నూనె కొడితే బొద్దింకలు దేవుడి గదిలోకి మకాం మార్చాయి

నాగావళి కోడలు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. పాత పెంకుటింటికి వెనక స్లాబు వేసి కలిపిన వంటిల్లు. రాత్రి పదిన్నరకి లైటు వేస్తే చాలు, స్టవ్ కింద నుంచి బొద్దింకల పరుగులు. చిన్నవి, లేత గోధుమరంగు, మెడ మీద రెండు నల్ల గీతలు. మనవడికి ఏడాదిన్నర, నేల మీద ఏది దొరికినా నోట్లోకే. అందుకని మందు డబ్బా వద్దనుకుని, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో లెమన్‌గ్రాస్ నూనె, లవంగ నూనె కొన్నాను. సీసాలు చిన్నవే, బిల్లు మాత్రం చిన్నది కాదు. లీటరు నీళ్ళలో పదిహేను చుక్కలు వేసి కొట్టాను.

మొదటి రాత్రి ఒక్కటి లేదు! మా ఆయన్ని లేపి మరీ చూపించాను. మూడో రోజు దేవుడి గదిలో కుంది వెనక రెండు, అగరబత్తుల పెట్టెలో ఒకటి. వారం తిరక్కుండా స్టవ్ కిందకీ వచ్చేశాయి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. బియ్యం డ్రమ్ములో ముక్క పురుగులు పడ్డాయని దూదికి నీలగిరి నూనె పట్టించి మూటకట్టి లోపల పెట్టాను. అన్నం వండితే తలనొప్పి బామ్ వాసన. మా అత్తగారు "జలుబు చేసినోళ్ళకి పెట్టు" అని కంచం పక్కకి తోసేశారు. ఇరవై ఐదు కిలోల బియ్యం! నూనెలు పనిచేయవా, నాకే వాడటం రాలేదా?

రాజాం మాస్టారు:
అమ్మా, నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. రెండూ ఉన్నాయి. నూనె నీళ్ళలో కలవదు, పైకి తేలుతుంది. మీరు కొట్టింది చాలావరకు నీళ్ళే. చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, కొట్టే ప్రతిసారీ సీసా బాగా ఊపాలి. లవంగ నూనెలోని యూజెనాల్ పురుగు ఒంటికి నేరుగా తగిలితే నరాల మీద పనిచేస్తుంది, చంపగలదు కూడా. కానీ ఇవి ఆవిరయ్యే నూనెలు. మీ ముక్కుకి ఘాటు తగులుతోందంటే మందు గాల్లోకి పోతోందన్నమాటే. ఘాటు పోయాక బొద్దింకకి భయమేముంది?

మీరు చెప్పిన రెండు గీతలది జర్మన్ బొద్దింక. పేరుకే జర్మన్ లెండి, మన వంటిళ్ళలోదే. తల్లి గుడ్ల తిత్తిని పొదిగే దాకా వెంటే మోస్తుంది, ఒక్కో తిత్తిలో ముప్పై నలభై గుడ్లు. తరిమితే సంసారంతో సహా పక్క గదికి పోతుంది, మీకు జరిగిందదే.

ముక్క పురుగు గింజకి కన్నం పెట్టి లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల పెరిగేదంతా గింజలోనే. వాసన మీ అత్తగారికి చేరింది గానీ దానికి చేరలేదు.

బొబ్బిలి నుంచి:
క్యారమ్స్ పౌడర్ అక్కా! డబ్బా మీద బోరిక్ అని ఉందో లేదో చూసి కొనండి. మూడు చెంచాల గోధుమపిండి, చెంచా పౌడరు, చెంచా పంచదార, పాలతో చిన్న ఉండలు. ఫ్రిజ్ మోటారు దగ్గర వెచ్చగా ఉంటుంది, ముందు అక్కడ చూడండి. మా ఇంట్లో పది రోజులు పట్టింది.

వార్డులో పనిచేసేదాన్ని:
ఉండలు బాబుకి అందితే ప్రమాదం. "ప్రకృతి సిద్ధం" అన్న మాటని కూడా నమ్మకండి. కర్పూరం గానీ నీలగిరి నూనె గానీ కొంచెం మింగినా పసిపిల్లలకి ఫిట్స్ రావచ్చు. ఆ సీసాలు ఎక్కడ పెట్టారు?

నాగావళి కోడలు:
కిటికీ గట్టు మీద ఉన్నాయండి, ఇప్పుడే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మాస్టారూ, నిన్న ఫ్రిజ్ జరిపాం. వెనక టైలు ఊడి ఉంది, లోపలంతా అవే. మా ఆయన సిమెంటు కలుపుతున్నారు. ఉండలు ఫ్రిజ్ వెనకే పెట్టి మళ్ళీ గోడకి తోసేస్తాం.

బియ్యం జల్లించి డాబా మీద నీడన ఆరబోశాను. సాయంత్రం దాకా కాపలా కూర్చున్నాను గానీ ఒక్క కాకి కూడా వాలలేదు.