తప్పు చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా కృపాసహితంగా మాట్లాడటం ఎలా?

అన్వేషి:
అందరికీ వందనాలు. "అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూల వచనమే పలుకుడి" అంటుంది బైబిల్లో ఎఫెసీ 4:29. సంఘంలో ఉన్నంతసేపూ ఇది తేలికే. ఇంట్లో, పనిచేసేచోట, వాట్సాప్‌లోనే మాట జారేది. తిట్లు మానేస్తే సరిపోతుందా? ఎవరి తప్పైనా చెప్పాల్సి వస్తే, మెత్తగా చెబితే పట్టించుకోరు, గట్టిగా అంటే నొచ్చుకుంటారు. ఆచరణలో ఏం చేయాలి?

నిదానం:
వందనాలండీ. తిట్లు మానడం మొదలు మాత్రమే. వెటకారం, ఎత్తిపొడుపు, పాత తప్పులు తవ్వడం, వీటిలో ఒక్క బూతూ ఉండదు. అయినా సామెతలు 12:18 చెప్పే కత్తిపోటు మాటలు ఇవే.

యాకోబు 1:19లో వినడం ముందు, మాట్లాడటం తర్వాత. కాబట్టి జవాబిచ్చేముందు ఎదుటివారు అన్నదాన్ని మీ మాటల్లో చెప్పి, "మీరన్నది ఇదేనా?" అని అడగండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తర్వాత జరిగిన పని గురించే మాట్లాడండి, మనిషి గురించి కాదు. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే అతను తన్ను తాను కాపాడుకునే పనిలో పడతాడు. "వస్తానని చెప్పి రాలేదు, పని ఆగిపోయింది" అంటే జవాబు చెప్పడానికి వీలుంటుంది.

కోపం మరీ ఎక్కువగా ఉంటే ఆగండి, కానీ "సాయంత్రం మాట్లాడుకుందాం" అని సమయం చెప్పి ఆగండి. ఏమీ చెప్పకుండా మూతి ముడుచుకుంటే అది కూడా శిక్షే. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదని ఎఫెసీ 4:26 చెప్పేది ఇందుకే.

కావలి:
తప్పు దిద్దడానికి మత్తయి 18:15 పద్ధతి స్పష్టంగా ఉంది: ముందు మీరిద్దరే, ఒంటరిగా. మనం చేసేది తలకిందులు. "సలహా కోసం" నలుగురికి చెప్పాక, ఆఖరున ఆ మనిషి దగ్గరికి వెళ్తాం. అప్పటికే కబురు అతనికి చేరి ఉంటుంది.

ప్రార్థన మనవుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొండెములు, అంటే వెనకాల చెప్పుకునే చాడీలు, ఎక్కువగా ఆ రూపంలోనే తిరుగుతాయి, ఇది బాధాకరం. పేరు, వివరం చెప్పడానికి ఆ వ్యక్తి ఒప్పుకున్నారా? లేకపోతే గ్రూపులో పెట్టకండి. చిన్న సంఘంలో "ఒక కుటుంబం" అన్నా ఎవరో తెలిసిపోతుంది, అలాంటప్పుడు మీరొక్కరే ప్రార్థించండి. దేవునికి పేరు తెలుసు.

సత్యవాది:
పై రెండూ మంచి మాటలే, కొంచెం చేర్చాలి. మత్తయి 18 మీకు విరోధంగా జరిగిన తప్పు గురించి. అందరి ముందూ జరిగి, ఇతరుల్ని దారి తప్పించే తప్పైతే వేరు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుటే నిలదీశాడు (గలతీ 2:11-14). మెత్తదనం ఒక్కటే దైవికం అనుకోకండి. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త మొదట గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు, తర్వాత అతనితో "ఆ మనుష్యుడవు నీవే" అని సూటిగా అన్నాడు.

మంచి మాటకైనా సమయం ఉంటుంది. ఆప్తుల్ని పోగొట్టుకున్నవారికి ఆ రోజే, అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయనే రోమా 8:28 చదివి వినిపిస్తారు. వాక్యం సత్యమే, సమయం కాదు. దుఃఖచిత్తునికి పాటలు వినిపించడం చలిదినాన పైబట్ట తీసేయడం లాంటిదని సామెతలు 25:20 అంటుంది. పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. అలాంటి ఇంట్లో పక్కన కూర్చోండి, చేయగల ఒక పని అడిగి చేయండి.

అన్వేషి:
చాలా కృతజ్ఞతలు. ఇప్పటికే మాట జారిపోతే?

నిదానం:
మత్తయి 5:23-24 ప్రకారం అర్పణ కంటే ముందు సమాధానపడటం. "ఏమైనా అని ఉంటే క్షమించు" అనకండి, ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పి క్షమాపణ అడగండి. వెంటనే "కానీ నువ్వు కూడా" అన్నారంటే ఆ క్షమాపణ పోయినట్టే, అతని తప్పు ఇంకో రోజు మాట్లాడొచ్చు. పిల్లల ముందు అన్న మాటైతే పిల్లల ముందే అడగండి. గ్రూపులో రాసినదైతే గ్రూపులోనే రాయండి, ఊరికే డిలీట్ చేస్తే చదివినవాళ్ల మనసులో అది అలాగే ఉంటుంది.