కొత్తవాళ్లకి మొదటి పాఠం హోవరేనా? నేను కాదంటున్నాను

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

మొన్న వాయిస్ చాట్‌లో మొదలైన వాదన ఆ రోజు లేనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. డీసీఎస్ అనే కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌లో హెలికాప్టర్ నేర్చుకుంటామని గుణుపురం, రాయగడ వైపు నుంచి కొత్తగా కొందరు తమ్ముళ్లు వచ్చారు. జయపురం అన్న వాళ్లకి చెప్పింది ఇది: హ్యూయీ (అమెరికా పాత సైనిక హెలికాప్టర్) తీసుకోండి, పది అడుగుల ఎత్తులో కదలకుండా గాల్లో నిలబెట్టడం, అదే హోవర్, వచ్చేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దు, రాకెట్ల మాట కూడా ఎత్తొద్దు.

అన్న అంటే నాకు గౌరవం. కానీ ఈ పద్ధతి వల్లే మన దగ్గరికి వచ్చినవాళ్లు నిలబడటం లేదని నా నమ్మకం. హెలికాప్టర్‌కి హోవర్ అన్నిటికంటే కష్టమైన స్థితి. ఎక్కువ పవర్ తినేది అక్కడే, మూడు కంట్రోల్సూ ఒకదాన్ని ఒకటి చెడగొట్టేదీ అక్కడే. కలెక్టివ్ (ఎత్తు పెంచే, తగ్గించే లివర్) కొంచెం ఎత్తితే హ్యూయీ ముక్కు కుడికి తిరుగుతుంది. ముక్కుని ఆపడానికి ఎడమ పెడల్ వేస్తే టెయిల్ రోటర్ (తోక దగ్గరి చిన్న పంఖా) మొత్తం హెలికాప్టర్‌ని కుడికి నెడుతుంది. దాన్ని ఆపడానికి సైక్లిక్ (చేతిలోని కర్ర) ఎడమకి వంచితే ఎత్తు తగ్గుతుంది, మళ్లీ కలెక్టివ్ ఎత్తాలి. మొదటి రోజు కుర్రాడికి ఇదంతా ఒకేసారి ఇస్తే వాడు దేన్ని సరిదిద్దుతున్నాడో వాడికే తెలియదు.

అదే 70 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వేగంలో గాల్లోనే మొదలుపెట్టించండి. తోక మీది నిలువు రెక్క గాలిని పట్టుకుని ముక్కుని తిన్నగా ఉంచుతుంది, పెడల్స్ పని తగ్గుతుంది. 60 నాట్ల చుట్టుపక్కల హెలికాప్టర్‌కి కావలసిన పవర్ కూడా బాగా తగ్గుతుంది. కదులుతున్న సైకిల్ మీద బ్యాలెన్స్ ఎవరికైనా తొందరగా వస్తుంది, నిలబెట్టిన సైకిల్ మీద కాదు. ముందు మలుపులు, ఎత్తు నిలపడం, తర్వాత మెల్లగా వేగం తగ్గించడం, ఆ తర్వాత రన్‌వే మీద జారుతూ దిగడం. హోవర్ చివర్లో వస్తుంది.

జయపురం అన్న (జయపురం)

తమ్ముడూ, నువ్వు చెప్పిన వరసలో నేర్చుకున్నవాళ్లని నేను చూశాను. 80 నాట్లలో చక్కగా తిరుగుతారు. దిగేటప్పుడు 30 నాట్ల దగ్గర అంతా మారిపోతుంది. ముందుకు పోతున్నప్పుడు రోటర్‌కి దొరికే అదనపు లిఫ్ట్, అదే ఈటీఎల్ అంటాం కదా, 24 నుంచి 16 నాట్ల మధ్య పోతుంది. హెలికాప్టర్ కుంగుతుంది. భయపడి కలెక్టివ్ లాగుతారు, ముక్కు కుడికి తిరుగుతుంది, పెడల్ మీద కాలు లేదు, ఎందుకంటే ముందుకు ఎగిరినంత సేపూ దాని అవసరం పడలేదు. అక్కడే పడిపోతారు. పెడల్ అలవాటు హోవర్‌లో తప్ప ఇంకెక్కడా రాదు.

రెండో మాట. మనం నేర్పేది యుద్ధ హెలికాప్టర్. గేమ్‌లోని కాకసస్ మ్యాప్‌లో బటుమి రన్‌వే మీద జారుతూ దిగావు, బాగుంది. కొండ వాలు మీద చెట్ల మధ్య చిన్న ఖాళీలో సైనికుల్ని దించాలంటే ఎక్కడ జారుతావు? మా కోరాపుట్ వైపు కొండలు చూసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. అంత ఎత్తులో, వేసవి వేడిలో గాలి పలచబడితే హ్యూయీ హోవర్‌కి మిగిలే పవర్ ఎంత? టార్క్ (ఇంజిన్ రోటర్‌ని తిప్పే బలం) మీటరులో 50 పీఎస్ఐ గీత దాటకుండా నిలబెట్టడం వచ్చినవాడే అక్కడ దిగగలడు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

అన్నా, మీరు చెప్పిన ప్రమాదమే నా వాదనకి బలం. 30 నాట్ల దగ్గర పడిపోతున్నారంటే వాళ్లకి వేగం తగ్గించడం నేర్పలేదని అర్థం. హోవర్‌లో గంటలు గడిపినవాడికి కూడా ఆ ముక్క రాదు, ఎందుకంటే వాడు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉన్నాడు.

వోర్టెక్స్ రింగ్ తీసుకోండి. వేగం దాదాపు లేకుండా, పవర్ ఇస్తూ నిమిషానికి 300 అడుగుల కంటే ఎక్కువ వేగంగా దిగితే రోటర్ తను కిందికి తోసిన గాలిలోనే ఇరుక్కుంటుంది. కలెక్టివ్ లాగిన కొద్దీ ఇంకా కిందికి పోతుంది. బయటపడే దారి ముక్కు కిందికి వంచి ముందుకు వేగం తెచ్చుకోవడం. ఎత్తు ఉంటేనే అది పనిచేస్తుంది. పది అడుగుల హోవర్ ఈ పరిస్థితిని ఎప్పుడూ చూపించదు. కొత్తవాళ్లని ఎక్కువగా కూల్చేది మాత్రం ఇదే.

గోపాలపూర్ నాయుడు (గోపాలపూర్, గంజాం)

ఇద్దరి మాటలూ చదివాను. నేను వైమానిక దళంలో గ్రౌండ్ టెక్నీషియన్‌గా ఎంఐ-8, ఎంఐ-17 రష్యా రవాణా హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరయ్యాను. పైలట్‌ని కాదు, కాబట్టి నాకు తెలిసినంత వరకే చెబుతాను.

హోవర్ విలువ నాకు తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. చుట్టూ నీళ్లు నిలిచిన ఊరి మీద జారి దిగడానికి రన్‌వే ఉండదు. అలాంటి చోట పైలట్ గాల్లో నిలబెట్టగలిగితేనే కింద ఉన్నవాళ్లకి సాయం అందుతుంది. ఈ విషయంలో జయపురం బాబు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

కానీ నేర్పే వరస వేరే సంగతి. నిజమైన శిక్షణలో కూడా సాధారణంగా ముందు పైకి తీసుకెళ్లి సమంగా ఎగరడం, మలుపులు, ఎక్కడం, దిగడం చూపిస్తారు. హోవర్ ఆ తర్వాతే. అప్పుడు కూడా ఇన్‌స్ట్రక్టర్ మూడు కంట్రోల్స్ ఒకేసారి ఇవ్వడు. పెడల్స్ మాత్రం నువ్వు చూసుకో, మిగతావి నా దగ్గర ఉంటాయి అంటాడు. కొంతసేపయ్యాక కలెక్టివ్, ఆఖర్న సైక్లిక్. ఇంట్లో సిమ్యులేటర్ ముందు కూర్చున్న పిల్లాడికి మిగతా రెండూ పట్టుకునేవాడు లేడు.

ఇంకా పెద్ద తేడా ఒళ్లు. నిజం హెలికాప్టర్ పక్కకి జారడం మొదలెట్టగానే సీటు చెబుతుంది, నడుము చెబుతుంది, కంటి చివర నేల కదలడం తెలుస్తుంది. ఇంట్లో ఉన్నది ఒక మానిటర్. జారిన సంగతి కంటికి తెలిసే సరికే ఆలస్యం. అందుకని సరిదిద్దడం ఎక్కువైపోతుంది, అటూ ఇటూ ఊగుతుంది. దానికి ఆ కుర్రాడు తనకి చేతకాదనుకుంటాడు. కాళ్ల దగ్గర కిందికి చూడొద్దు, యాభై వంద మీటర్ల దూరంలో చెట్టునో షెడ్డునో చూడండి. వెబ్‌క్యామ్ ఉంటే ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తల కదలికని గేమ్‌కి ఇవ్వచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, చేసే మేలు చాలా ఎక్కువ.

ఆఖరుగా స్ప్రింగు సంగతి. దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. నిజం హ్యూయీలో ఫోర్స్ ట్రిమ్ (కర్రని ఉన్నచోటే నిలిపే) బటన్ నొక్కి వదిలితే కర్ర ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. మన జాయ్‌స్టిక్‌కి స్ప్రింగు ఉంటుంది, వదిలితే మధ్యకి వస్తుంది. గేమ్‌లో మామూలు సెట్టింగ్‌లో ట్రిమ్ నొక్కి చెయ్యి వెంటనే మధ్యకి తేకపోతే, ట్రిమ్ చేసిన దానికి చేతిలో ఉన్న వంపు కలిసి రెండింతలవుతుంది. ముక్కు ఒక్కసారి దిగిపోతుంది. కొత్తవాళ్లు దీన్ని హెలికాప్టర్ తప్పనుకుంటారు. స్పెషల్ ఆప్షన్స్‌లో సెంట్రల్ పొజిషన్ ట్రిమ్మర్ మోడ్ పెట్టుకోండి. అప్పుడు కర్ర మధ్యకి వచ్చేదాకా గేమ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఏ పాఠం ముందన్న గొడవకి ముందు ఈ ఒక్క మార్పు చేయించండి, సగం మంది నిలబడతారు.

శారద (సునాబెడ)

నాయుడు గారూ, స్ప్రింగు గురించి ఇంత స్పష్టంగా తెలుగులో ఎవరూ రాయలేదు, థ్యాంక్స్. మీరు రాసింది పైన పిన్ చేయమని అడ్మిన్‌ని కోరుతున్నాను.

నా అభిప్రాయం మీ అందరికీ వ్యతిరేకం. అసలు హ్యూయీతోనే మొదలెట్టాలని ఎవరన్నారు? వచ్చేవాళ్లలో చాలామంది అపాచీ అనే అమెరికా యుద్ధ హెలికాప్టర్‌ని చూసి వస్తారు. 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో మన వైమానిక దళం అపాచీలని చేర్చుకున్నప్పటి నుంచి దాని మీద ఇష్టం ఇంకా పెరిగింది. మనది ఏఎచ్-64ఇ, గేమ్‌లో ఉన్నది పాత డి మోడల్, అయినా ఆ ఇష్టం నిజమైనదే. దాన్ని పక్కన పెట్టించి 1960ల నాటి హెలికాప్టర్‌తో పది అడుగుల ఎత్తులో కూర్చోబెడితే వాళ్లు ఎందుకుంటారు?

పైగా హోవర్ నేర్పడంలో అపాచీయే మంచి గురువని నేనంటాను. కుడి కంటి ముందు కనిపించే గుర్తుల్లో ఒక గీత ఉంటుంది, మనం ఏ వైపు ఎంత వేగంగా జారుతున్నామో అది చెబుతుంది. హోవర్ మోడ్‌లో ఆ గీత నిండా చాచుకుంటే 6 నాట్లు. దాని పక్కన చిన్న వృత్తం, మన చెయ్యి ఇప్పుడు దాన్ని ఎటు తోస్తుందో ముందే చూపిస్తుంది. నాయుడు గారు అన్న సీటు, నడుము ఇంట్లో లేవు కదా, వాటి బదులు ఈ గీత ఉంది. 5 నాట్ల లోపు హోల్డ్ మోడ్ వేస్తే ఉన్నచోటే నిలబడటానికి తనే సాయపడుతుంది.

మా తమ్ముడూ నేనూ ఒకే అపాచీలో ఎగురుతాం. వాడు వెనక పైలట్, నేను ముందు సీట్లో గన్నర్. ఇద్దరూ మాడ్యూల్ (గేమ్‌లో విడిగా అమ్మే హెలికాప్టర్) కొనాలి, అది నిజమే. ఒక్కరే ఉంటే ముందు సీట్లో కూర్చుని జార్జ్ అనే ఏఐని ఎగరమని చెప్పచ్చు. వెతకడం, లేజర్ వేయడం, హెల్‌ఫైర్ క్షిపణి వదలడం అన్నీ నేర్చుకోవచ్చు. యుద్ధ హెలికాప్టర్‌లో సగం పని అదే. మన చర్చలో ముందు సీటు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

జయపురం అన్న (జయపురం)

శారదమ్మా, ముందు సీటు మాట నిజం, అది మేం మర్చిపోకూడదు. కానీ హోల్డ్ మోడ్ మీద ఆనుకోవడం దగ్గర ఒప్పుకోను. కంట్రోల్స్ మీద ఆ సిస్టమ్‌కి ఉన్న పట్టు చాలా కొద్ది. ట్రిమ్ సరిగ్గా లేకుండా వేస్తే ఆ కొద్దీ అయిపోతుంది, హెలికాప్టర్ జారిపోతుంది. దెబ్బ తగిలి అది ఆగిపోయినా అంతే. అప్పుడు మిగిలేది చెయ్యీ కాలూ. గీతని చూస్తూ నేర్చుకున్నవాడు గీత లేకపోతే ఏం చేస్తాడు?

డబ్బు సంగతి కూడా ఉంది. డీసీఎస్ ఉచితమే, కానీ దాంతో వచ్చేవి రెండూ విమానాలు, సు-25టి, టీఎఫ్-51. ఒక్క హెలికాప్టర్ కూడా లేదు. చదువుకునే కుర్రాళ్లకి అపాచీ ధర ఎక్కువ. ఏది కొనాలన్నా తప్పకుండా ముందు 14 రోజుల ఉచిత ట్రయల్ వాడించాలి.

గుణుపురం కుర్రాడు (గుణుపురం)

నమస్తే అన్నలూ, శారదక్కా. మీరు మాట్లాడుకుంటున్న కొత్తవాళ్లలో నేనొకడిని. నా దగ్గర పెడల్స్ లేవు, తిప్పితే పెడల్‌లా పనిచేసే జాయ్‌స్టిక్ ఉంది. అది ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. తిప్పే దగ్గర వణుకుతుంది, అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. దీంతో హోవర్ అవుతుందా? ఇంకొకటి, ఎంఐ-8 సులువని ఒకరు చెప్పారు. అది తీసుకుంటే తర్వాత హ్యూయీకి కాలు అలవాటు తారుమారవుతుందంటున్నారు. నిజమేనా? మా దగ్గర సాయంత్రం కరెంటు పోతూ ఉంటుంది, అందుకే ఉన్న టైమ్ వృథా కాకూడదని నా టెన్షన్.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

తమ్ముడూ, ముందు ఆ వణుకు. యాక్సిస్ సెట్టింగ్‌లో తిప్పే దానికి మాత్రం కొంచెం డెడ్‌జోన్ (మధ్యలో చిన్న కదలికల్ని గేమ్ పట్టించుకోని భాగం) పెట్టు. కర్రని పక్కకి వంచేటప్పుడు తెలియకుండా పెడల్ పడటం కూడా తగ్గుతుంది. ఎగిరేటప్పుడు కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే నీ కంట్రోల్స్ ఎక్కడున్నాయో ఒక చిన్న పెట్టెలో కనిపిస్తాయి. అది ఎప్పుడూ తెరిచే ఉంచు.

పెడల్ మాట నిజమే. హ్యూయీ, అపాచీ రోటర్లు పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతాయి, ఎంఐ-8ది గడియారం వైపు. కలెక్టివ్ ఎత్తితే వాటికి ఎడమ పెడల్, దీనికి కుడి పెడల్. ఏ కాలో బట్టీ పట్టకు, ముక్కు ఎటు పోతుందో చూసి దాన్ని ఆపు. అప్పుడు రెండూ వస్తాయి. నీకు ఎంఐ-8 ట్రయల్ అనే చెబుతాను. సరుకుతో కలిపి 13 టన్నుల దాకా తూగే బరువైన యంత్రం, చేతికి నిదానంగా స్పందిస్తుంది, నీ జాయ్‌స్టిక్ వణుకుని అంతగా పట్టించుకోదు. చక్రాలున్నాయి కాబట్టి జారుతూ దిగడానికి చాలా అనువు. ఆటోపైలట్ చానల్స్ కూడా ఉన్నాయి, పిచ్ (ముక్కు పైకీ కిందికీ), రోల్ (పక్కలకి వంగడం) వేసుకుని మొదలుపెట్టు. దిగేటప్పుడు వేగం గంటకు 50 కిలోమీటర్ల కంటే తగ్గాక కిందికి పోయే వేగం సెకనుకు 3 మీటర్లు దాటనివ్వకు. ఇది వోర్టెక్స్ రింగ్‌లో పడితే బయటికి రావడం చాలా కష్టం.

గాల్లో మొదలయ్యే మిషన్ నేను చేసి పంపుతాను. కరెంటు ఉన్న కాస్త సేపట్లో స్టార్టప్ స్విచ్చులతో టైమ్ పోనివ్వద్దు, అది మాన్యువల్ చదువుతూ తర్వాత నేర్చుకోవచ్చు.

జయపురం అన్నా, మీ కొండ వాలు ప్రశ్నని నేను తప్పించుకోవడం లేదు. వీళ్లలో నా వరసలో నేర్చుకున్నవాళ్లకి చివరి పరీక్ష మీరే పెట్టండి. రన్‌వే లేని చోటు, మీరు ఎంచుకున్న ఎత్తు, మీరు ఎంచుకున్న ఎండ.

జయపురం అన్న (జయపురం)

సరే. కాకసస్‌లో 1,500 మీటర్ల ఎత్తున ఒక మైదానం చూసి పెడతాను, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. హ్యూయీలో సగం ఇంధనం, ఎనిమిది మంది సైనికులు. దిగడం ఒక్కటే చాలదు, దిగే ముందు రోటర్ వెడల్పు కంటే తక్కువ ఎత్తులో, అంటే రోటర్ కిందికి తోసే గాలికి నేల ఆసరా దొరికే చోట, అర నిమిషం నిలబెట్టాలి. ఎంఐ-8లో నేర్చుకున్న కుర్రాడికి హ్యూయీ అలవాటు పడటానికి వ్యవధి ఇస్తాను. కానీ నా దగ్గర ఉన్న రాయగడ ఇద్దరికీ మాత్రం నేను హోవర్‌తోనే మొదలుపెడతాను, అందులో మార్పు లేదు. వాళ్లకీ అదే పరీక్ష. నాయుడు గారు చూసి చెప్పాలి.

గోపాలపూర్ నాయుడు (గోపాలపూర్, గంజాం)

వస్తాను. రెండు వైపుల పిల్లలందరికీ ట్రిమ్మర్ మోడ్ ఒకేలా పెట్టించండి, లేకపోతే పరీక్షకి అర్థం ఉండదు. శారదమ్మా, నువ్వూ అపాచీతో రా. అదే మైదానంలో నీ కంటి ముందు గుర్తులన్నీ ఆపేసి దింపి చూపించు.