బరోక్ వయొలిన్‌తో నెదర్లాండ్స్‌లో ఇల్లు గడుస్తుందా?

మామూలు వయొలిన్‌లో డిగ్రీ పూర్తి చేస్తున్న మా అమ్మాయి, హేగ్‌లోని సంగీత కళాశాల రాయల్ కన్సర్వేటరీలో బరోక్ వయొలిన్ మాస్టర్స్ చేస్తానంటోంది. అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్ సంగీతాన్ని ఆనాటి తరహా వయొలిన్ మీద, ఆనాటి పద్ధతిలో వాయించడం. మా ఇంట్లో సంగీతం మీద బతికినవాళ్లు ఎవరూ లేరు. ఈ రంగంలో ఉన్నవాళ్లెవరైనా చెబుతారేమోనని అడుగుతున్నాను.

నాకు అర్థమైనంతలో ఇందులో నెలజీతం ఉద్యోగాలు చాలా అరుదు. 1981లో డచ్ సంగీతకారుడు ఫ్రాన్స్ బ్రూగెన్ వాళ్లు మొదలుపెట్టిన, పాతకాలపు వాద్యాలతో వాయించే ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఎయిటీన్త్ సెంచురీ అంత పేరున్న బృందం కూడా టూర్లు ఉన్నప్పుడే కలుస్తుందట. ఈస్టర్ ముందు నెదర్లాండ్స్‌లో ఊరూరా బాఖ్ రాసిన మాథ్యూ పాషన్ (ఏసు శిలువ మరణం కథను పాడే సంగీత రచన) కచేరీలు పెడతారు కాబట్టి అప్పుడు చేతినిండా పని. మరి మిగతా నెలల్లో? పాఠాలు చెప్పుకోవడమేనా?

ఖర్చు సంగతి కూడా చెప్పండి. విల్లు వేరే కొనాలి. తీగలేమో గొర్రె పేగుతో చేసినవి, కాస్త తేమ మారితే శ్రుతి జారిపోతుంది, పై తీగ ఊరికే తెగుతుంది. గడ్డం ఆనించుకునే చెక్క కూడా లేని వయొలిన్‌కు అంత డబ్బా అని వాళ్ల నాన్న గొణుగుడు సరేసరి!

నా అసలు టెన్షన్ వేరే. బరోక్ బృందాలు వాడే 415 హెర్ట్జ్ శ్రుతికి (మామూలు దానికన్నా సుమారు అర స్వరం తక్కువ) అలవాటు పడ్డాక, 440లో వాయించే మామూలు ఆర్కెస్ట్రాల ఆడిషన్లకూ వెళ్లగలదా? రెండూ నడుపుకొచ్చేవాళ్లు ఉన్నారా? బృందాల్లోకి పిలుపు ఆడిషన్‌తో వస్తుందా, టీచర్ల పరిచయాలతోనా? చదువు అయ్యాక మొదటి రెండు మూడేళ్లు ఎలా నెట్టుకొచ్చారో ఉన్నదున్నట్టు చెప్పండి.