బెల్మాంట్ మోర్మన్ టెంపుల్ శిఖరం: ఊరి మాట నెగ్గాలా, గుడి కట్టుకునేవాళ్ళ మాట నెగ్గాలా?

కొండమీది ఇల్లు:
డాలస్ దగ్గర ఫెయిర్‌వ్యూలో మోర్మన్ (లేటర్-డే సెయింట్స్ అనే చర్చి వాళ్ళ) టెంపుల్‌కి 120 అడుగుల శిఖరం కట్టుకోవడానికి 2025 ఏప్రిల్‌లో టౌన్ కౌన్సిల్ ఒప్పుకుంది కదా. మొదట అడిగింది దాదాపు 174. దాని మీద ఇక్కడే ఒకరు "మనం చర్చి పక్షాన నిలబడాలి, రేపు మన గోపురాలకీ ఇదే గతి" అని రాశారు. నేను ఒప్పుకోను. మా బోస్టన్ పక్కన బెల్మాంట్‌లో ఏం జరిగిందో తెలుసుకుని మాట్లాడండి. 1995లో ప్రకటించారు, 1997లో కొండ రాయిని పేల్చి పని మొదలుపెట్టారు. ముందు ఆరు శిఖరాలన్నారు, ఊరు గోల పెడితే ఒకటి చాలన్నారు, ఆ ఒక్కటీ నేల నుంచి 139 అడుగులు. చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెళ్తే కింది కోర్టు ఆపింది. 2000 అక్టోబరు 1న శిఖరం లేకుండానే ప్రతిష్ఠ చేసుకుని, ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు, శిఖరం లేకుండానే, లోపల జరగాల్సిన క్రతువులన్నీ జరుపుకున్నారు. మరి శిఖరం లేకపోతే ఆగిందేమిటి?

ప్లాన్ గీసేవాడు:
సగం కథ చెప్పి వదిలేశారు. 2001 మేలో మసాచుసెట్స్ సుప్రీం జ్యుడీషియల్ కోర్టు, అంటే ఈ రాష్ట్రపు పై కోర్టు, ఆ కింది కోర్టు తీర్పు కొట్టేసింది, సెప్టెంబరులో శిఖరం లేచింది, పైన మొరోనై దేవదూత బొమ్మ కూడా నిలబెట్టారు. కోర్టు అన్నది ఏమిటంటే, ఒక మతానికి ఫలానా కట్టడం అవసరమా కాదా అని తేల్చడం జడ్జి పని కాదు. మీరు అడుగుతున్నదీ సరిగ్గా ఆ ప్రశ్నే. మన బోస్టన్ దగ్గరి యాష్‌లాండ్ లక్ష్మీ గుడినే తీసుకోండి. పూజ జరిగేది గర్భగుడిలో కదా, రాజగోపురం దేనికి అని ఒక జడ్జి అడిగితే మీరు ఊరుకుంటారా?

ఒంగోలు బాబు:
139 అడుగులంటే ఎన్ని అంతస్తులండీ?

ప్లాన్ గీసేవాడు:
పదమూడు దాకా వస్తుంది బాబు గారూ, కానీ అలా లెక్కేస్తే తప్పుదారి పడతాం. భవనం 56 అడుగులు, పైన శిఖరం 83. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా బిల్డింగ్ డ్రాయింగులు వేస్తున్నాను, ఆ 83 తీసేస్తే రూట్ 2 హైవే మీద వెళ్ళేవాడికి అది ఏదో కంపెనీ ఆఫీసులా కనబడుతుంది.

కొండమీది ఇల్లు:
ఆఫీసులా కనబడితే కనబడనివ్వండి! నేను ఇంటి వెనక డెక్ (చెక్క అరుగు) వేసుకుంటానంటే సరిహద్దుకి రెండడుగులు దగ్గరైందని టౌన్ వాళ్ళు నన్ను ఎంత తిప్పారో నాకు తెలుసు. పక్కింటాయన ఒక్క ఉత్తరం రాశాడు, అంతే, నా ప్లాన్ మూలన పడింది. నాకు రెండడుగులు ఇవ్వనివాళ్ళు వాళ్ళకి 83 అడుగులు ఎలా ఇస్తారు? చట్టం అందరికీ ఒకటే ఉండాలి.

ప్లాన్ గీసేవాడు:
ఒకటే లేదు, ఉండకూడదనే 1950లో డోవర్ సవరణ తెచ్చారు. ఇళ్ళ మధ్య మతసంస్థల స్కూళ్ళు వద్దని డోవర్ ఊరు రూలు పెడితే, రాష్ట్రం జోక్యం చేసుకుని జోనింగ్ (ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే ఊరి రూళ్ళు) పేరుతో మతసంస్థల్ని అడ్డుకోవద్దంది. ఎత్తు, పార్కింగ్, ఖాళీ స్థలం గురించి సబబైన షరతులు పెట్టవచ్చు. అది లేకపోతే ఇక్కడ వలస వచ్చినవాళ్ళు ఏ గుడీ కట్టలేరు, మీ పక్కింటాయన లాంటివాళ్ళు వీధికొకరు ఉంటారు. న్యూయార్క్ పక్కన హారిసన్ సంగతి చూడండి. అక్కడా 1995లోనే టెంపుల్ ప్రకటించారు, అనుమతుల దగ్గరే ఏళ్ళు గడిచిపోయాయి, చివరికి కట్టనే లేదు. 2004లో మాన్‌హాటన్‌లో ఉన్న భవనంలోనే టెంపుల్ పెట్టుకున్నారు.

సాఫ్ట్ కార్నర్:
డెక్ విషయం వేరే టాపిక్‌లో పెట్టుకోండి ప్లీజ్.

నిర్మల, సికింద్రాబాద్:
ఆ చర్చి సభ్యురాలిగా రాస్తున్నాను. ఆదివారం ప్రార్థనలు టెంపుల్లో జరగవు, అవి మామూలు చర్చి భవనాల్లో, ఎవరైనా రావచ్చు. టెంపుల్ పెళ్ళి లాంటి పెద్ద క్రతువులకి. ఇండియాలో మా మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన జిల్లా లాంటిది, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. దేశానికి మొదటి టెంపుల్ బెంగళూరులో అని 2018లో ప్రకటించారు. ఇక్కడ టెంపుల్ లేక మా పెద్దవాళ్ళు డబ్బు కూడబెట్టుకుని టెంపుల్ కోసం వేరే దేశం వెళ్ళారు. అంత దూరం వెళ్ళినవాళ్ళకి మొదట కనబడేది ఆ శిఖరమే. అది అలంకారం కాదు అన్నా.

కొండమీది ఇల్లు:
మీరే చెప్పారు కాబట్టి అడుగుతున్నా. ఎవరైనా రావచ్చనేది ఆ చిన్న భవనాలకి మాత్రమే. టెంపుల్‌కి ప్రతిష్ఠ అయ్యాక నాలాంటివాడు లోపల అడుగు పెట్టగలడా? ఊరందరికీ కనబడాలి, ఊరందరూ రాకూడదు, ఇదెక్కడి న్యాయం?

నిర్మల, సికింద్రాబాద్:
ప్రతిష్ఠకి ముందు అందరికీ తెరిచి చూపిస్తారు. వాషింగ్టన్ దగ్గర కెన్సింగ్టన్‌లో 1974లో చూపించారు, మరమ్మతుల తర్వాత 2022లో మళ్ళీ చూపించారు. పూరీ జగన్నాథుడి గుడిలోకి నన్ను రానివ్వరు. అలా అని ఆ శిఖరం పొట్టిగా ఉండాలని నేనెప్పుడైనా అన్నానా?

కొండమీది ఇల్లు:
పూరీని ఇందులోకి లాగకండి. మా తమ్ముడు ఈ దేశం వచ్చి మీలో కలిశాడు. పెళ్ళి అలాంటి టెంపుల్లోనే, ఏ ఊరో చెప్పను. మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి అంత దూరం వచ్చి, కొడుకు పెళ్ళి జరుగుతుంటే బయట గదిలో సోఫాలో కూర్చున్నారు. అమ్మ ఒళ్ళో తలంబ్రాల బియ్యం పొట్లం. ఎవరికీ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు, అలాగే పట్టుకుని కూర్చుంది.

నిర్మల, సికింద్రాబాద్:
అదీ అసలు సంగతి. ఇంతసేపూ డెక్, అడుగులు, జోనింగ్ అని తిప్పారు, మీకు కడుపుమంట మీ తమ్ముడు మతం మారినందుకు. అమ్మగారి గురించి నిజంగా బాధగా ఉంది. నాదీ వినండి. నా పెళ్ళి సికింద్రాబాద్‌లో మామూలు హాల్లో, తలుపులన్నీ తీసి ఉన్నాయి. మా నాన్న రెండు వీధుల అవతల ఇంట్లో ఉండి కూడా రాలేదు. తలుపు మూసింది ఎవరన్నా?

ఒంగోలు బాబు:
ఇద్దరూ కాస్త ఆగండి.

ప్లాన్ గీసేవాడు:
ఆగక్కర్లేదు, ఇప్పుడే అసలు మాట బయటికొచ్చింది. కొండ మీది సార్, మీ అమ్మగారికి జరిగింది నాకూ కష్టంగానే ఉంది. కానీ దాన్ని బెల్మాంట్ జోనింగ్ బోర్డు సరిచెయ్యలేదు. శిఖరం 20 అడుగులు చేసినా ఆవిడ ఆ గదిలోనే కూర్చునేవారు.

కొండమీది ఇల్లు:
కూర్చునేది, నిజమే. తమ్ముడితో నేను మాట్లాడుతూనే ఉన్నాను, అది మా ఇంటి విషయం. నిర్మల గారూ, మీ నాన్నగారు రాకపోవడం తప్పే, నేనైతే వచ్చేవాణ్ణి. కానీ ఆకాశం ఊరందరిదీ. అందులో 83 అడుగులు తీసుకునేవాడు ఊరిని అడిగి తీసుకోవాలి. అది చర్చి అయినా ఇదే మాట, రేపు మన గోపురమైనా ఇదే మాట.

నిర్మల, సికింద్రాబాద్:
అడిగారన్నా. బెల్మాంట్ బోర్డు పర్మిట్ ఇచ్చింది కూడా. కోర్టుకి లాగింది చుట్టుపక్కలవాళ్ళు.