లై, లే, లెయిడ్, లెయిన్: వాక్యంలో తేడా పట్టేదెలా?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1కి ప్రిపేర్ అవుతున్నాను. ఇంగ్లిష్‌లో తప్పు పట్టే ప్రశ్నలొస్తే లై, లే దగ్గరే ఇరుక్కుపోతున్నాను. అఫెక్ట్-ఎఫెక్ట్, బారో-లెండ్ లాంటి వాటితో ఇప్పుడు ఇబ్బంది లేదు.

రూపాలన్నీ బట్టీ పట్టాను. పడుకోవడానికి లై-లే-లెయిన్, దేన్నైనా పెట్టడానికి లే-లెయిడ్-లెయిడ్, అబద్ధమాడటానికి లై-లైడ్-లైడ్. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వాక్యంలోకి వచ్చేసరికి మాత్రం తికమక. మొదటిదాని పాస్ట్ టెన్స్, రెండోదాని ప్రెజెంట్ రెండూ 'లే' కావడం ఎవరి పుణ్యమో!

కోచింగ్‌లో చెప్పిన కిటుకు: వెనక ఆబ్జెక్ట్ ఉంటే లే, లేకపోతే లై. 'ద హెన్ లేస్ ఎగ్స్' లాంటి వాటికి అది చక్కగా పనిచేస్తోంది. కానీ 'ద కార్పెట్ వాజ్ లెయిడ్ యెస్టర్‌డే'లో క్రియ తర్వాత ఆబ్జెక్టే లేదు, అయినా లెయిడే కరెక్ట్. అది పాసివ్ అని తట్టేలోపు టైమ్ అయిపోతోంది. 'ద ఫైల్స్ హ్యావ్ లెయిన్ దేర్ ఫర్ వీక్స్'కేమో లెయిన్. పైపైన చూస్తే రెండూ ఒకటే: ముందు వస్తువు, వెనక ఆబ్జెక్ట్ లేదు. పైగా ఇంగ్లిష్ సినిమాల్లో చాలామంది 'లే డౌన్' అనేస్తారు, చెవిని నమ్ముకునే వీల్లేదు.

60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పుకు అర మార్కు కోత. ఒక్కోదాని దగ్గర అర నిమిషం మించి ఆగలేను. హ్యావ్, వాజ్ ఉన్న వాక్యాల్లో లెయిన్ రావాలో లెయిడ్ రావాలో తేల్చడానికి మీరు ముందుగా ఏం చూస్తారు?